తలుపు మీద నూట నలభై ఒకటి

మా ఇంట్లో ఎవరికైనా ఏడవాలనిపిస్తే ముందు నన్ను ఏదో ఒక పని మీద బజారుకు పంపుతారు. నేను పక్కనుంటే ఏడుపు పూర్తి కాదని వాళ్ల అనుభవం. మానుకోటలో మా మేనత్త కూతురి పెళ్లిలో, సరిగ్గా అప్పగింతల వేళ, నేను పెళ్లికూతురి చెవిలో ఒక మాట అన్నాను. ఆ పిల్ల ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వేసింది. అది వీడియోలో ఇప్పటికీ ఉంది. ఆ ముక్క దగ్గరికి రాగానే అత్త టీవీ ఆపేసి నా వైపు చూస్తుంది.

అందుకే, బడి పిక్నిక్ నుంచి వచ్చిన చెల్లె రెండు రోజులు నోరు విప్పకపోతే అమ్మ నన్ను రెండుసార్లు పాల ప్యాకెట్లకు పంపింది. అప్పుడు చెల్లెకు తొమ్మిదేళ్లు, నాకు ఇరవై రెండు. మా ఇద్దరి మధ్య అంత ఎడం ఎందుకొచ్చిందో ఇంట్లో ఎవరూ మాట్లాడరు, నేను తప్ప.

మూడో రోజు చెల్లె నోరు విప్పింది. బడివాళ్లు హైదరాబాద్ దగ్గర ఉన్న పెద్ద పార్కుకు తీసుకుపోయారట. అక్కడ ఆకాశంలో మెలికలు తిరిగి తలకిందులయ్యే రైలొకటి ఉంది. ఎక్కే చోట రంగుల గీతలు కొట్టిన కర్ర పాతి ఉంటుంది. నూట నలభై సెంటీమీటర్ల గీత అందుకున్న వాళ్లకే రైలు. చెల్లె తల ఆ గీతకు బెత్తెడున్నర కింద ఆగింది. ఆమె దోస్తులు నలుగురూ అందుకున్నారు. వాళ్లు రైలెక్కి కేకలు పెడుతుంటే ఈమె కింద బెంచీ మీద కూర్చుని నాలుగు జతల చెప్పులు కాపలా కాసింది.

"ఒక జత నాదే, నేను గూడ ఎక్కెదాన్నే అనుకొని ఒకాయన నా కాళ్ల దిక్కు చూసిండు. నా చెప్పులు నా కాళ్లకే ఉన్నయి" అంది. అదే ఎక్కువ బాధ పెట్టిందని అర్థమైంది. నేనేదో అనబోయాను. అమ్మ పాల గిన్నె నా చేతిలో పెట్టింది.

చెల్లె అప్పటికే తరగతి మొత్తానికి మాట ఇచ్చేసింది. వచ్చే ఎండాకాలం సెలవుల్లో ఆ రైలు ఎక్కుతుంది. బడి తెరిచిన మొదటి రోజు వచ్చి అందరికీ చెబుతుంది.

ఆ ఏడాది మా ఇంట్లో ఒక మనిషిని పెంచే కార్యక్రమం నడిచింది. అమ్మ రోజుకో గుడ్డు, వారానికి మూడు రోజులు మునక్కాడ చారు. అత్త మానుకోట నుంచి ఫోన్లోనే మొక్కు మొక్కింది. చెల్లె పొద్దునా సాయంత్రం వరండాలో చువ్వ పట్టుకుని ఆరేసిన చొక్కాలా వేలాడేది. నా వంతుగా నేను ఉత్సాహం నీరుగార్చాను. ఇట్లా వేలాడితే చేతులు పెరుగుతాయని, ఎత్తు అంతే ఉండి చేతులు మోకాళ్ల దాకా వస్తాయని చెప్పాను. ఆమె రెండు రోజులు వేలాడటం మానేసి, అద్దంలో చేతులు చూసుకుని, మళ్లీ మొదలుపెట్టింది.

పరీక్షలైన మర్నాడు కొలత పెట్టుకున్నాం. మా బాపు, అంటే నాయన, చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఫిట్టర్. ఆయన జేబులో చేతిరుమాలు ఉండకపోవచ్చు గానీ స్టీలు టేపు ఉంటుంది. చెల్లెను తలుపు చౌకట్టుకు ఆనించి నిలబెట్టాం. బాపు కింద మోకాళ్ల మీద కూర్చుని టేపు మొదలును పిడికిట్లో మూసి ఆమె మడమ దగ్గర పట్టుకున్నాడు. అమ్మ ఆమె తల మీద నా పాత స్కేలు అడ్డంగా పెట్టింది. నేను స్టూలెక్కి పైన అంకె చదివాను.

"నూట నలభై ఒకటి."

అమ్మ గుడ్ల వల్లే అంది. ఫోన్లో అత్త మొక్కు వల్లే అంది. చెల్లె ఎవరి వల్లా అనలేదు, చేతులు రెండూ పైకెత్తి చువ్వ వైపు చూసింది. ఒక్క ఏడాదిలో పిల్ల అంత ఎట్లా పెరిగిందని ఎవరికీ అనుమానం రాలేదు. అన్నిటినీ అనుమానించే నాకూ రాలేదు. పెన్సిల్‌తో చౌకట్టు మీద గీత గీసి, పక్కన 141 అని రాసి, దాని కింద రెండు అడ్డగీతలు కూడా కొట్టాను. అంత నమ్మకంగా నేను పరీక్షల్లో కూడా ఏదీ రాయలేదు.

బాపు లీవు పెట్టాడు. ప్లాంటులో ఆయనకు లీవు ఉందన్న సంగతి ఆ రోజే అందరికీ తెలిసిందట.

కారు మాదే. బాపుతో పనిచేసే ఒకాయన పదేళ్లు వాడి, మాకు ఇచ్చి, ఆ తర్వాత మొహం చాటేశాడు. నేను డ్రైవర్ని. బయలుదేరే ముందు బాపు బానెట్ తెరిచి పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు. ప్లాంటులో బేరింగులు బాగున్నాయో లేదో అట్లాగే వింటారు. డాక్టరు గుండె విన్నట్టే ఉంటుంది, కాకపోతే డాక్టరు మధ్యలో పేషెంటును తిట్టడు.

చెల్పూర్ నుంచి హైదరాబాద్‌కు తిన్నగా పోయే దారి ఒకటుంది. మేము ఆ దారిన పోలేదు. మొక్కు మొక్కిన మనిషిని వదిలేసి పోతే బాగుండదని అమ్మ అంది. అందుకని ఘనపూర్, ములుగు, నర్సంపేట మీదుగా మానుకోటకు దిగాం. ఎదురు దిక్కుకు పోయి సెలవు మొదలుపెట్టే కుటుంబం మాది. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. కారులో అందరం తుమ్ముకుంటూనే వెళ్లాం. ప్రతి తుమ్ముకూ అమ్మ మంచిదో చెడ్డదో లెక్క చూసింది. నర్సంపేట దాటాక లెక్క తప్పి వదిలేసింది.

మానుకోటలో ఎగ్జిబిషన్ పెట్టారు. సాయంత్రం అత్త మమ్మల్ని అక్కడికి తీసుకుపోయింది. మా మానుకోటల లేదా ఏంది, ఆ హైదరాబాద్ దాక ఉరుకుడెందుకు అన్నది ఆమె వాదన. జెయింట్ వీల్ ముందు నిలబడి బాపు స్క్రూడ్రైవర్ తీశాడు. దాన్ని నడిపే ఆయన మొదట నవ్వాడు. బాపు స్తంభానికి ఆనించి చెవి పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. లైన్లో ఉన్నవాళ్లు కూడా మాటలు ఆపేశారు. చివరికి ఎడమ పక్క బేరింగుకు గ్రీజు పెట్టమన్నాడు. ఆయన పెట్టాడు. బాపు మళ్లీ విని తలూపాకే చక్రం కదిలింది. ఆ పూట మానుకోట జనం మా నాయన అనుమతితో తిరిగారు.

అత్తా అమ్మా ఎక్కారు. నేను ఎక్కలేదు. ఎత్తంటే నాకు గౌరవం, కింది నుంచే నమస్కారం పెడతాను. దాన్ని నేను భయం అనను. ఇంట్లో మిగతావాళ్లు అంటారు. చెల్లె కూడా ఎక్కలేదు.

"గిది చిన్న పిల్లలది" అంది. పెద్ద రైలు కోసం తనను తాను దాచిపెట్టుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే ఐదుగురం బయలుదేరాం. అత్త ఒక స్టీలు డబ్బా నిండా సకినాలు తెచ్చి గేరు దగ్గర పెట్టింది. తొర్రూరు దాకా గేరు మార్చిన ప్రతిసారీ మోచేయి తగిలి డబ్బా మోగింది. వెనక సీట్లో చెల్లె రైలు ఎక్కాక ఏం చేయాలో అమ్మకు వివరిస్తోంది. మొదటి సీటే కావాలి. చేతులు పైకెత్తాలి. కళ్లు మూసుకోకూడదు. ఇవన్నీ పోయినేడు ఎక్కిన నలుగురు దోస్తులు చెప్పారు. తరగతిలో ఏం చెప్పాలో కూడా ఆమె వరసగా తయారు చేసుకుంది. మొదటి వాక్యం "మేం పొద్దుగాల పదకొండు గంటలకు ఎక్కినం" అని. టైముతో సహా.

జనగామ దాటాక పెంబర్తిలో ఆపమంది అమ్మ. ఇత్తడి సామాను చేసే ఊరు. పూజగూట్లోకి దీపపు కుంది కొనాలని ఆమెకు ఎప్పటి నుంచో. ఒకటి నచ్చింది గానీ మా గూట్లో పడుతుందా అని సందేహం. బాపు జేబులోంచి టేపు తీశాడు. మా గూడు ముప్పై సెంటీమీటర్ల ఎత్తు, ఆయనకు నోటికే తెలుసు. టేపు మొదలు కింద పట్టుకుని, పైన చదవమని నాతో అన్నాడు.

"నలభై మూడు. పట్టదు బాపు" అన్నాను.

"పట్టకపోవుడేంది. ముప్పై మూడు" అన్నాడు బాపు. తర్వాత, "అవ్, అది గూడ పట్టది" అని ఇంకో చిన్న కుంది అందుకున్నాడు.

నలభై మూడు ముప్పై మూడు ఎట్లా అయిందని అడిగాను. బాపు టేపు కింది కొస చూపించాడు. మొదట్లో ఉండే కొండి వదులై ఊగుతోంది. ఆయన దాన్ని వదిలేసి, పది అంకె ఉన్న చోట వేలితో పట్టుకున్నాడు.

"కొండి లూజుంటె సున్న మీద నమ్మకముండది. ఫిట్టరన్నోడు పది మీదనే టేపు పట్టుకుంటడు. పైన చదివినోడు పది తీసేయాలె. గిది గూడ తెల్వదా?"

"ఎప్పుడు గిట్లనే పడ్తవా?"

"సర్వీసుల చేరినప్పటి సంది."

"మొన్న తలుపు కాడ గూడ?"

"ఎట్ల పడ్త మరి?" అని ఆయన చిన్న కుందిని కొలవడంలో పడిపోయాడు.

అది ఇరవై ఎనిమిది. పది తీసేశాకే. అమ్మ సంబరపడింది. నేను దుకాణం గడప మీద నిలబడి కారు వైపు చూశాను. చెల్లె కిటికీలోంచి రెండు చేతులూ పైకెత్తి సాధన చేస్తోంది. నూట నలభై ఒకటిలోంచి పది తీసేస్తే ఎంతో నాకు ఇంజనీరింగ్ చదవకముందే తెలుసు.

నాకు అప్పటిదాకా చెడ్డ వార్త చెప్పడం ఎప్పుడూ కష్టం కాలేదు. దాని మీద ఒక జోకు పోసి ఇచ్చేస్తాను, వాళ్లు మింగేస్తారు. ఈ వార్త మీద ఏం పోయాలో తోచలేదు. ఆలేరు దగ్గర ఒకసారి మొదలుపెట్టాను. ఆ రైలు ఈ మధ్య రిపేర్లో ఉంటోందట అన్నాను. "అయితే బాపు బాగు చేస్తడు" అంది చెల్లె. భువనగిరి దగ్గర, ఎత్తు అనేది మనసులో ఉంటుంది గానీ కర్ర మీద ఉండదు అన్నాను. అత్త నా నుదుటి మీద చెయ్యేసి చూసింది. నేను ఇంత మంచి మాట చెప్పడం ఆమెకు పరేషాన్ అనిపించింది.

పార్కులో ఆ రైలు మేము ఊహించినదానికంటే పెద్దది. అది కనిపించగానే నా గౌరవం రెట్టింపైంది. దాని శబ్దం వినడానికి బాపు స్తంభాల దగ్గరికి పోబోయాడు. అక్కడ కంచె ఉంది. కంచె ఇవతల నుంచే చెవి పెట్టాడు.

లైన్లో మా ముందు ఐదుగురున్నారు. ఇంక లాభం లేదని వంగి చెల్లె చెవిలో చెప్పేశాను.

"చెల్లె, నువ్వు నూట నలభై ఒకటి లేవు. నూట ముప్పై ఒకటే. నేను తప్పు చదివిన. బాపు పది మీద పట్టిండు, నేను తీసెయ్యలె."

ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. "జోకులెయ్యకన్న" అంది.

"జోకు కాదు."

"ప్రతిసారి గట్లనే అంటవ్."

అది నిజమే. ప్రతిసారీ అట్లాగే అంటాను. ఇన్నేళ్లలో నేను చెప్పిన ఒక్క నిజమూ ఆ వరసలోనే కలిసిపోయింది.

ముందున్న ఐదుగురూ వెళ్లిపోయారు. చెల్లె కర్రకు వీపు ఆనించి నిలబడింది. గీత ఆమె తలకు బెత్తెడు పైన ఉంది. అక్కడున్న ఆయన మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు. చెల్లె ఇంట్లో కొలిచామని, నూట నలభై ఒకటని, తలుపు మీద రాసి ఉందని చెప్పింది. బాపు టేపు తీశాడు. కింద మోకాళ్ల మీద కూర్చుని మడమ దగ్గర పట్టుకున్నాడు. నేను పైన చదవాల్సి వచ్చింది.

"నూట నలభై ఒకటి" అన్నాను.

"అంటే నూట ముప్పై ఒకటి" అన్నాడు బాపు, అలవాటు కొద్దీ. అని, మడమ దగ్గరి నుంచి తలెత్తి నన్ను చూశాడు. అమ్మ చూసింది. చెల్లె అందరికంటే చివర చూసింది.

నేను బజారుకు పోవాల్సిన సమయం అది. మా బజారు రెండు వందల కిలోమీటర్ల వెనక ఉండిపోయింది.

అత్త రంగంలోకి దిగింది. "కొడుకా, మొన్న పిల్లకు జరమొచ్చి జర తగ్గింది. లేకుంటె నీ కర్ర దాటేటిది" అని ఆయన చెయ్యి పట్టుకుంది. అమ్మ చెల్లె జడ విప్పి నడినెత్తిన ముడి వేయడం మొదలుపెట్టింది. నా బూట్లు తొడిగితే ఎంత వస్తుందని కూడా లెక్క వేశారు. ఆ బూట్లు వేసుకుంటే చెల్లె ఎత్తు పెరగడమే కాదు, పడవలో నిలబడినట్టు కూడా ఉండేది.

బాపు అందరినీ ఆపాడు.

"నా కాడికి హెల్మెట్ లేకుండ మంత్రి వచ్చినా లోపలికి తోల్తనా? ఆయన పని ఆయనను చేసుకోనియ్యుండ్రి" అన్నాడు. ఆ ఉద్యోగికి చెయ్యి కలిపి, కర్ర మంచిగా పాతిండ్రని మెచ్చుకున్నాడు. బాపు న్యాయం ఎప్పుడూ ఇట్లాగే, సొంత బిడ్డ మీద ముందు పడుతుంది.

చెల్లె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లైను పక్కకు వచ్చి, రైలు పైకి ఎక్కి కిందికి దూకిందాకా ఒకసారి మొత్తం చూసింది. తర్వాత నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"చెప్పులియ్యి."

"ఎందుకు?"

"నువ్వెక్కు. నా బదులు."

నాకు ఎత్తు సరిపోదేమో అన్నాను. కర్ర నా భుజం దగ్గరే ఆగింది. పొద్దున తిన్న సకినాలు గుర్తు చేశాను. ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లంతా నా వైపు చూస్తున్న తీరు చూస్తే, పెళ్లి వీడియోలో ఆ ముక్క దగ్గర టీవీ ఆపినప్పుడు అత్త చూసే చూపు నాలుగు మొహాల్లో ఉంది.

ఇవ్వడానికి నా కాళ్లకు చెప్పులు లేవు. బూట్లే విప్పి ఇచ్చాను. చెల్లె వాటిని ఒడిలో పెట్టుకుని కిందటేడు కూర్చున్న బెంచీ మీద కూర్చుంది.

"కండ్లు మూస్కోకు. మూస్కుంటె నాకేం చెప్తవ్?" అంది.

మొదటి సీటు. పక్కన ఎవరో కాలేజీ అమ్మాయి. నా మొహం చూసి ఏం కాదన్నా అని ధైర్యం చెప్పింది. భుజాల మీద ఇనుప పట్టీ దిగింది. రైలు టకటకమంటూ పైకి ఎక్కుతుంటే నేను బేరింగు శబ్దం వినడానికి ప్రయత్నించాను. అన్ని శబ్దాలూ నా లోపలి నుంచే వస్తున్నాయి.

ఆ తర్వాతది నేను సాధారణంగా చెప్పే పద్ధతిలో చెప్పొచ్చు. మిక్సీ గిన్నెలో పడ్డ పచ్చిమిరపకాయ వంటి పోలికలు నా దగ్గర తయారుగా ఉన్నాయి. కిందికి వచ్చి, కాళ్లు నావో కావో తేల్చుకుని, బెంచీ దగ్గర కూలబడి అట్లాగే మొదలుపెట్టాను కూడా. చెల్లె బూట్లు ఇవ్వలేదు.

"జోకు వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. పైకి ఎక్కాక ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు గాలి తప్ప ఏమీ వినపడదు. కింద మీరు నలుగురూ ఇంతింత కనిపించారు. బాపు తల మీద వెంట్రుకలు ఎక్కడ పోయాయో పైనుంచే తెలిసింది. తర్వాత దూకుతుంది. కడుపు పైనే ఉండిపోతుంది, మనం కిందికి వచ్చేస్తాం. కళ్లలోంచి నీళ్లు కిందికి రావు, పక్కకు పోయి చెవుల్లో పడతాయి. తలకిందులైనప్పుడు జేబులో ఉన్న సకినం ముక్క నా మొహం ముందు నుంచి పోయింది. చేతులు పైకెత్తలేదు. ఎత్తుదామనుకున్నాను, రాలేదు.

"కండ్లు?"

"మూస్కోలె. ఒక్కసారి మూస్కున్న. తలకిందులైనప్పుడు."

ఆమె ఆ ఒక్కసారికి మాఫీ చేసింది.

"ఎవరిని పిలిచినవ్?"

"ఎవర్ని పిలవలె."

"మాకు ఇనవడ్డది."

"బాపును" అన్నాను. బాపు టేపు జేబులో పెట్టుకుంటూ అటు తిరిగాడు.

అప్పుడు నవ్వింది చెల్లె. ముందు కొంచెం, తర్వాత బెంచీ మీద పడిపోయి. అత్తకు కావాల్సింది కూడా అదే. ఫోన్లో అంతా రికార్డు చేసింది. ఇప్పుడు పెళ్లి వీడియో బదులు అదే పెడుతోంది, ఆ ముక్క దగ్గర ఆపడం లేదు.

తిరుగు ప్రయాణంలో చెల్లె నన్ను మళ్లీ మళ్లీ అడిగింది. పైన ఆగింది ఎంతసేపు, గాలి చల్లగా ఉందా వేడిగా ఉందా, నీళ్లు ఏ చెవిలో పడ్డాయి. జనగామ దగ్గరికి వచ్చేసరికి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. జూన్‌లో బడి తెరిచిన రోజు ఏం చెబుతుందోనని నేనే భయపడ్డాను. సాయంత్రం వచ్చి నిబ్బరంగా చెప్పింది. ఎత్తు చాలలేదని మొదటే చెప్పేసిందట. తర్వాత మా అన్న ఎక్కాడని, బాపూ అని అరిచాడని చెప్పిందట. పోయినేడు రైలెక్కిన నలుగురి కథలు ఎవరికీ గుర్తు లేవు. నాది మాత్రం మూడు తరగతులకు పాకింది. పక్క వీధి పిల్లలు ఇప్పుడు నన్ను చూస్తే చేతులు పైకెత్తుతున్నారు.

చౌకట్టు మీద బాపు నా అంకెను చెరిపి 131 అని రాశాడు. దాని పైన కొత్త టేపుతో కాదు, అదే టేపుతో, పది మీద పట్టుకునే, నూట నలభై గీత గీశాడు. నెలకోసారి కొలత ఉంటుంది. బాపు కింద, నేను స్టూలు మీద. పోయిన నెల నూట ముప్పై మూడు. చువ్వ దగ్గర వేలాడటం మళ్లీ మొదలైంది. ఈసారి నేనేమీ అనలేదు.

నష్టం అంతా నాకే. మొన్న ఇంటర్వ్యూకు పోయివచ్చి, బాగా చేశాను, వచ్చేట్టే ఉంది అని అన్నం ముందు కూర్చుని చెబుతున్నాను. అమ్మ మొహం వెలిగింది. బాపు ముద్ద ఆపి చూశాడు. చెల్లె పళ్లెంలోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"పది తీసేసినవా?"